మా బావ చూడని సీషెల్స్

ఒకే ఒక్క అబద్ధమాడి, అదీ మా బావ పేరు మీద ఆడి, కెనడాలోని సార్నియా చలిలో నా సుఖానికి నేనే ఎసరు పెట్టుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో కాలేజీలో చదువుతూ ఊరి చివర వేర్‌హౌస్‌లో పార్ట్‌టైం చేసేవాణ్ణి. షిఫ్ట్ అయ్యేసరికి బస్సులుండవు. కారులో నన్ను ఇంటి దగ్గర దింపే దేవుడు మార్సెల్. సీషెల్స్ దీవులవాడు. మంచివాడే గానీ, ఆ దీవుల విషయంలో మహా పట్టింపు. నాకంటే ముందు ఆ సీట్లో కూర్చున్నవాడు "అది ఆఫ్రికాలో ఏ ఊరు?" అని అడిగి, మర్నాటి నుంచి నడిచి వెళ్లాడట.

అందుకే మార్సెల్ ఒకరోజు "మా దీవుల గురించి నీకేమైనా తెలుసా?" అనగానే, "తెలియకేం! మా బావ హనీమూన్‌కి అక్కడికే వెళ్లాడు" అనేశాను. నిజానికి బావ వెళ్లింది అన్నవరం. మా అమ్మానాన్నలతో కలిసి.

మార్సెల్ కారు పక్కకు తీసి ఆపాడు. "ఫోన్ కలుపు. నేను ఇంటికెళ్లి ఏళ్లయింది. చూసొచ్చినవాడితో మాట్లాడాలి."

బావది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. స్పీకర్ పెట్టి తెలుగులో బతిమాలాను. "బావా, నువ్వు సీషెల్స్ వెళ్లొచ్చావు. ఎందుకని అడక్కు. నా రైడ్ పోతుంది."

"అదెక్కడుందిరా బామ్మర్దీ?"

"సముద్రం మధ్యలో. దీవులు."

"ఓస్, మాదీ లంకేగా! నాకొదిలెయ్."

ఇక ఇంగ్లీషులో అందుకున్నాడు. "ఎటు చూసినా కొబ్బరిచెట్లేనండి, ఆయ్. పడవెక్కితే గానీ ఊళ్లోకి వెళ్లలేం."

"అవును!" అన్నాడు మార్సెల్. "మా క్రియోల్ భాష విన్నారా?"

"వినకపోవడమేంటండీ! మా ఆవిడకి కొంచెం వచ్చేసింది కూడాను."

"మరి కొండలు?"

"ఒక్కటీ లేదండి. అంతా బల్లపరుపే."

మార్సెల్ ఫోన్ తెర మీద వాళ్ల ఊరి బొమ్మ ఉంది. దాని నిండా కొండలే. బావకి మాత్రం ఊపు వచ్చేసింది. "గోదారి పొంగితే గేదెల్ని గట్టెక్కిస్తామండి, ఆయ్!"

బావ ఫోన్ పెట్టేశాక మార్సెల్ కారు మళ్లీ రోడ్డెక్కించి మా ఇంటి దాకా పోనిచ్చాడు. నేను మనసులోనే స్నోబూట్ల కొలతలు చూసుకుంటున్నాను.

"మా దీవుల్లో గేదెల్లేవు" అన్నాడు చివరికి. "కానీ ఈ ఊళ్లో నాతో కొబ్బరిచెట్ల గురించి ఇంతసేపు ఎవరూ మాట్లాడలేదు. రేపు మళ్లీ కలుపు."

సిగ్గేసింది. కానీ సీటు దక్కినందుకు సంతోషమే ఎక్కువైంది. తర్వాత వాళ్లిద్దరూ నా ప్రమేయం లేకుండానే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. జనవరి వచ్చింది. మార్సెల్ కారుని ఎయిర్‌పోర్ట్‌లో వదిలేసి, సెలవు పెట్టి బావ దగ్గరికి వెళ్లిపోయాడు.

లుంగీ కట్టుకుని కొబ్బరిబొండం తాగుతున్న అతని ఫొటోని మంచులో నడుస్తూ చూశాను. అంతలో బావ ఫోను. "మీవాడికి ఇక్కడ తెగ నచ్చిందిరా. మార్చి దాకా ఉండిపోమన్నాను."

కావున సకల జనులకు తెలియజేయునదేమనగా, ఈ జన్మలో నేను ఏ దీవి గురించీ అబద్ధమాడను. తప్పనిసరై ఆడవలసి వస్తే, ఎండాకాలంలోనే ఆడతాను.