గాటు పెట్టిన తూటా

దయ్యాలని నేను నమ్మను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మాట మార్చానని ఎవరూ అనకుండా. రంగూనులో మేముండే లమ్మడా వీధిలో ప్రతి మేడకీ ఒక దయ్యం కథ ఉండేది. మెట్ల మీద గజ్జెల చప్పుడని ఒకరు, నీళ్ళ తొట్టి దగ్గర తెల్ల లుంగీ అని ఒకరు. నేను ఎలుకలు అనేవాణ్ణి. వెళ్ళి చూస్తే చాలాసార్లు ఎలుకలే.

నేను నమ్మిందల్లా తూటాలని. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట ఇది. ఊరి నడిబొడ్డున ఒక దొరగారి తుపాకుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. అడవికి వెళ్ళే దొరలూ, టేకు కంట్రాక్టర్లూ, డబ్బున్న బర్మా పెద్దమనుషులూ వచ్చేవారు. తుపాకీ గురించి గంటలకొద్దీ బేరీజు వేసి, తూటాల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. జంతువుని పడగొట్టేది తుపాకీ కాదు మహాప్రభో, తూటా!

పెద్ద జంతువుల వేటకి తూటాలు ముఖ్యంగా రెండు రకాలు. మెత్త గుండుకి మొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. ఒంట్లో దిగగానే గోడకి కొట్టిన పిడకలా పరుచుకుంటుంది. పులికీ చిరుతకీ అది సరైనది. గట్టి గుండుకి మొన దాకా లోహపు తొడుగు ఉంటుంది. ఎముక అడ్డొచ్చినా పరుచుకోకుండా తిన్నగా దూసుకుపోతుంది. ఏనుగుకీ అడవిదున్నకీ అదే వాడాలి.

తారుమారు చేశారా, అయిపోయారే! పులి మీద గట్టిది వేస్తే ఇటునుంచి అటు పోతుంది, పులి మాత్రం మీ మీదికి వస్తుంది. ఏనుగు నుదుటి మీద మెత్తది వేస్తే పుర్రె పైనే చితికి ఆగిపోతుంది, ఏనుగు కోపం రెట్టింపవుతుంది. ఈ కబురు మొదలుపెడితే నన్ను ఆపడం కష్టం. మా ఆవిడ అన్నం వడ్డించేసి అవతలికి పోయేది.

ఇదంతా నాకు నేర్పింది మా మేనమామ సూరయ్య. భీమిలి వైపు నుంచి కూలికి రంగం, అంటే ఈ రంగూనుకే, వచ్చి, ఒక దొర దగ్గర వేటలో తుపాకీ మోసే పనికి కుదిరాడు. ఆ దొర సీమకి వెళ్ళిపోతూ తన రెండు గొట్టాల రైఫిలు ఆయనకే ఇచ్చేశాడు. పెద్దయ్యాక దాంతో మామయ్య నాకు గురి నేర్పాడు. మింగళాడోన్ అవతల అడవుల్లో ఆయనతో తిరిగిన రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నాకు రక్తం ఉరకలేస్తుంది.

మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డచుట్ట అంటారు. మామయ్య కూడా అలాగే కాల్చేవాడు. నిప్పు బయటికి కనిపిస్తే జంతువు బెదురుతుందని ఆయన వాదన. మరి వాసన మాటేమిటి మామయ్యా అంటే, "దానికి జలుబురా అల్లుడా" అనేవాడు.

మా పద్ధతి ఒకటుండేది. నేను కాల్చేవాణ్ణి, ఆయన నా కుడిపక్క ఒకడుగు వెనకాల నిలబడేవాడు. గొట్టాలు కిందికి వంగేలా తుపాకీ మడత విప్పి, తల తిప్పకుండా కుడి చెయ్యి వెనక్కి చాపితే అరచేతిలో తూటా పడేది. ఆయన గుప్పిట్లో ఉన్న తూటా కాబట్టి వెచ్చగా ఉండేది. "గట్టిదే" అనో "మెత్తదే" అనో చుట్ట పంటి కింద నొక్కిపెట్టి గొణిగేవాడు.

గట్టి తూటాలకి అడుగున ఇత్తడి అంచు మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టుకునేవాడు. వేలికి గాటు తగిలితే గట్టిది, తగలకపోతే మెత్తది. "కంగార్లో కళ్ళు పన్జెయ్యవురా, ఏళ్ళు పన్జేస్తాయి" అనేవాడు. ఇంకో సూత్రం కూడా ఉండేది. "ఏటొస్తాదో తెలవనప్పుడు కుడి గొట్టంలో మెత్తది ఎట్టు, ఎడమ గొట్టంలో గట్టిది ఎట్టు."

ఒక వానాకాలం జ్వరమొచ్చి మామయ్య పోయాడు. అప్పటికి ఆయన గాటు పెట్టిన తూటాల్లో ఒక్కటే మిగిలింది. పాతబడి ఇత్తడి నల్లగా మాసిపోయింది. పూడ్చిపెట్టే ముందు అత్త దాన్ని తెచ్చి ఆయన మొలలో దోపింది. "అడివిలో తిరిగినోడు, వట్టి చేతుల్తో ఎలాగ పంపుతాం" అంది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. తుపాకీ లేకుండా తూటా ఏం చేసుకుంటాడు? గుంటలోకి దింపిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తూటా ఆయన మొలలోనే ఉంది. మట్టి వేసిందీ మేమే.

రైఫిలూ దాని లైసెన్సూ నాకొచ్చాయి. తూటాలన్నీ మా దుకాణం నుంచి కొత్తవి తెచ్చుకున్నాను. గాట్ల జోలికి పోలేదు. కళ్ళున్నాయి కదా, మొన చూస్తే తెలిసిపోతుంది. పైగా నడుముకి కట్టుకునే పటకాలో ఎడమ అరల నిండా గట్టివి, కుడి అరల నిండా మెత్తవి సర్దుకునేవాణ్ణి. ఇంకేం కావాలి?

ఆ యేడు దసరాకి అత్త మా ఇంట్లోనే ఆయుధపూజ చేసింది. మామయ్య ఉన్నప్పుడు తుపాకీకి మాత్రమే బొట్టు పెట్టనిచ్చేవాడు, పటకా అటక మీద దాచేసేవాడు. నాకు ఆ ఊహే రాలేదు. దుకాణంలో పూజ చూసుకుని ఇంటికొచ్చేసరికి పటకా తుపాకీ పక్కనే వేలాడుతోంది. తూటాల మొనలకి పసుపు ముద్ద పూసి, మీద కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! పూజ కోసం అన్నీ తీసి పళ్ళెంలో పోసిందనీ, మళ్ళీ చేతికొచ్చినవి చేతికొచ్చినట్టు అరల్లో దోపేసిందనీ నాకు తెలియదు. ఆవిడకి అన్నీ తూటాలే.

మర్నాడు పొద్దున్న ఫలహారం చేస్తుంటే ఏనుగు మావటి కో టున్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. నది ఒడ్డున టేకు డిపోలో దుంగలు లాగే ఏనుగు అతనిది. దానికి మదమెక్కి సంకెల తెంపుకుందట. డిపోలో మా వాళ్ళు చాలామంది కూలీలు. వాళ్ళలో మా మామయ్య ఒక్కగానొక్క కొడుకు, మా బావమరిది అప్పన్న ఒకడు.

"అప్పన్న దుంగల కింద. ఏనుగు తీస్తా ఉంది. బేగి రా బాబూ!" అన్నాడు కో టున్ వచ్చీరాని తెలుగులో. ఒక చెయ్యి వేలాడిపోతోంది. పటకా నడుముకి చుట్టుకుని, తుపాకీ పట్టుకుని దిగాను. వెనక అత్త "ఓలమ్మో, నా కొడుకో" అని అరుస్తూనే ఉంది. దారి పొడవునా కో టున్ ఒక్కటే మాట. "ఒకే దెబ్బ బాబూ. నొప్పి వద్దు. ఏనుగు నా బిడ్డ."

డిపోలో ఏనుగుని చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పన్న భయపడి దుంగల గుట్ట సందులో దూరాడు. అది తెలివైన పనే, వేరే ఏ జంతువైనా అయితే. కానీ ఇది పని నేర్చిన ఏనుగు! గుట్టలోంచి దుంగలు లాగడం దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కో దుంగనీ దంతాల మీదికెత్తి, తొండంతో అదిమిపట్టి, రోజూ చేసే పనిలాగే నిదానంగా పక్కన పడేస్తోంది. లోపలినుంచి అప్పన్న కేకలు వినిపిస్తున్నాయి.

నాకు భయమూ ఉత్సాహమూ కలిసి వచ్చాయి. అబద్ధమెందుకు? కళ్ళు ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేశాయి. పటకా ఎడమవైపు నుంచి రెండు తూటాలు తీసి రెండు గొట్టాల్లో వేశాను. దగ్గరికి వెళ్ళి గట్టిగా కేకేశాను. ఏనుగు నా వైపు తల తిప్పింది. నుదుటి మీద గురి చూసి కుడి గొట్టం పేల్చాను.

గురి తప్పలేదు. ఏనుగు మాత్రం పడలేదు. తల విదిల్చి ఘీంకరించిన ఘీంకారానికి రేకుల కప్పులు అదిరాయి. నుదుటి మీద అరచేయంత మేర చర్మం చీలి నెత్తురు కారుతోంది. అది గట్టి గుండు చేసే గాయం కాదు! మెత్తది వేశానని అప్పుడు అర్థమైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

తుపాకీ మడత విప్పాను. కాలిన ఇత్తడి ఎగిరి పడింది. రెండో తూటా పైకి లాగి మొన మీద పసుపు గోటితో గీరాను. బూడిదరంగు సీసం. అదీ మెత్తదే! విసిరికొట్టాను. పటకా వైపు చూస్తే వరసగా అన్నీ పసుపు మొనలే, అన్నిటికీ ముత్తైదువ బొట్లే. ఏది గట్టిదో ఏది మెత్తదో ఆ పరమాత్ముడికే తెలియాలి. ఏనుగు దుంగల్ని వదిలేసి నా మీదికి బయల్దేరింది.

అప్పుడు నేనొక పని చేశాను. కావాలని చేసింది కాదు. తల తిప్పకుండా కుడి చెయ్యి వెనక్కి చాపాను.

అరచేతిలో తూటా పడింది. వెచ్చగా ఉంది. చుట్ట వాసన గుప్పుమంది. "గట్టిదేరా. ఎయ్యి," అని చెవి పక్కనే ఎవరో గొణిగారు, పంటి కింద చుట్ట ఉన్నట్టుగా.

ఆలోచించలేదు. తూటా గొట్టంలో వేసి, మడత మూసి, తల వంచి వచ్చేస్తున్న ఆ కొండ నుదుటికి గురిపెట్టి మీట నొక్కాను. ఏనుగు మోకాళ్ళ మీద కూలబడింది. ఆ ఊపుకి నేల మీది రంపపు పొట్టు లేచి నా మొహం నిండా పడింది. అది మళ్ళీ కదల్లేదు.

అప్పన్న సందులోంచి పాక్కుంటూ వచ్చి నా కాళ్ళు పట్టేసుకున్నాడు. చిన్న గీత కూడా పడలేదు. కో టున్ వెళ్ళి ఏనుగు తొండం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని ఏడుపు చూడలేకపోయాను. మొదటి దెబ్బ దానికి నొప్పి పెట్టిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాస్త తేరుకున్నాక వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అందరూ దూరంగా గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నా పక్కన ఎవరైనా ఉన్నారా అని ఒక్కొక్కరినీ అడిగాను. లేరన్నారు. "నువ్వు ఒక్కడే బాబూ. చెయ్యి వెనక్కి పెట్టావు. ఎందుకో?" అని కో టునే నన్ను ఎదురడిగాడు.

సరే, కంగారులో పటకాలోంచే తీసి ఉంటాననుకున్నాను. మీరూ అదే అంటారు. పటకా చూసుకున్నాను. ఖాళీ అరలు రెండే ఉన్నాయి. మొదట పేలిన తూటా ఒకటి, విసిరికొట్టినది ఒకటి. రెండూ పొట్టులో దొరికాయి. మరి మూడోది ఎక్కడిది?

తుపాకీ మడత విప్పి మూడో ఇత్తడి బయటికి తీశాను. నల్లగా మాసిపోయిన పాత ఇత్తడి. అడుగున అంచు మీద వేలు పోనిచ్చాను. గాటు తగిలింది.

ఇంటికెళ్ళి అత్త చేతిలో పెట్టాను. ఆవిడ అప్పన్నని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేత్తో ఆ ఇత్తడిని అటూ ఇటూ తిప్పి చూసింది. బెదిరిపోతుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. కళ్ళు తుడుచుకుని, "ఇచ్చీసినాడా?" అంది. మళ్ళీ తనే, "మరి ఇప్పుడు మీ మావ దగ్గర ఏటుంది? వట్టి చేతుల్తో ఉన్నాడు గదరా అల్లుడా!" అంది.

ఆ సాయంత్రమే ముగ్గురం శ్మశానానికి వెళ్ళాం. మామయ్య సమాధి మట్టి మీద గడ్డి దట్టంగా అల్లుకుని ఉంది. ఎవరూ తవ్విన జాడ లేదు. చుట్టూ తిరిగి వంగి వంగి చూశాను. అప్పన్న పార తెచ్చి పక్కగా చిన్న గుంట తీశాడు. పార నా చేతికి తీసుకున్నాను. ఇంకా లోతుకి వెళ్తే ఆయన మొలలో తూటా ఉందో లేదో తేలిపోయేది. అత్త నా మొహం చూసి, "చాల్లే, ఆడ్ని పడుకోనీ" అంది. పార కింద పెట్టేశాను.

"ఏటి ఇస్తావు మీ మావకి?" అంది.

జేబులోంచి రెండు రకాల తూటాలూ తీశాను. అన్నాళ్ళూ దుకాణంలో ఎందరికో తూటా ఎంచి ఇచ్చినవాణ్ణి, అక్కడ నాకు పాలుపోలేదు. ఆయన ఉన్నచోట ఏ జంతువు ఎదురొస్తుందో నాకేం తెలుసు? చివరికి రెండూ పెట్టాను. కుడివైపు మెత్తది, ఎడమవైపు గట్టిది. గట్టిదానికి ఇంటి దగ్గరే ఆకురాయితో గాటు పెట్టుకుని తెచ్చాను. అప్పన్న మట్టి కప్పాడు.

చాలా ఏళ్ళయింది. ఆ ఇత్తడి నా దగ్గరే ఉంది. అడిగినవాళ్ళకి చూపిస్తుంటాను. మామయ్యకి ఇంకో గాటు తూటా మిగిలి ఉంటుందని కొందరంటారు, తూటాల గురించి తెలియనివాళ్ళు. నేను మొత్తం వెతికి చూసినవాణ్ణి, ఒక్కటే మిగిలింది. భయంలో చుట్ట వాసన భ్రమ అంటారు. కావచ్చు. భ్రమకి ఏనుగు పడదు కదా! నాకు ఇంతవరకూ సమాధానం దొరకలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి, వింటాను. దయ్యం అని మాత్రం అనకండి. ఆయన మా మామయ్య.