పోర్ట్ పీపాలో బోర్బన్, కాశీలో ద్రాక్ష

జీతం తీసుకుని అనుమానించిన రోజులవి. తొంభై తొమ్మిది చివరి నెలల్లో సిడ్నీలో నా పని పాత ప్రోగ్రాములు తెరవడం, ఏడాదిని రెండంకెలతో రాసిన ప్రతి చోటా ఆగి, "రెండు వేలు వస్తే నువ్వేం చేస్తావ్?" అని నిలదీయడం. ప్రోగ్రాము తనంతట తాను తప్పు ఒప్పుకోదు. మనమే అనుమానించాలి, పరీక్షించాలి, ఆ తర్వాతే సరే అనాలి. నాకది కొత్త కాదు. కాలేజీ రోజుల నుంచీ చర్చావేదికల మీద బాబాలనూ ముహూర్తాలనూ వాస్తునూ నిలదీసి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. ఊళ్లో ఆ పనికి తిట్లు దొరికేవి, ఇక్కడ ఉద్యోగం దొరికింది.

మా టీములోనే పనిచేసే ఒక స్నేహితుడు క్వేకర్స్ హిల్‌లో అద్దె ఇంట్లో ఉండేవాడు. శనివారం ఆర్వో అయితే, అంటే అక్కడి యాసలో మధ్యాహ్నం దాటితే, వాళ్ల పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ, దాని చుట్టూ వాదన. మొదట్లో నాతో పోట్లాడేవాడు. తర్వాత నావైపు తిరిగాడు. ఎంతగా తిరిగాడంటే, దేవుడి మాటెత్తితే నాకంటే ముందు వాడే లేచేవాడు. నన్ను "గురూ" అనేవాడు. గురువుల మీదే నా పోరాటమని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు. వాడిలో నాకు ఒక్కటే నచ్చేది కాదు. ఎదుటివాడి మాట వినడం కంటే ఎదుటివాణ్ణి ఓడించడం వాడికి ఇష్టం.

ఆ వసంతంలో, అక్కడ సెప్టెంబరు దాటాకే వసంతం, వాడి మామగారు తెనాలి నుంచి కూతుర్ని చూడటానికి వచ్చారు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. శనివారం సాయంత్రాలు వేడినీళ్లతో రెండు పెగ్గుల విస్కీ తీసుకునేవారు. దాన్ని దాచేవారు కాదు, గొప్పగా చెప్పుకునేవారూ కాదు. కానీ ద్రాక్ష ముట్టేవారు కాదు. భార్య పోయాక అస్థికలు కలపడానికి కాశీ వెళ్లినప్పుడు వదిలేశారట. కాశీకి వెళ్లినవాళ్లు తమకు బాగా ఇష్టమైన పండొకటి అక్కడ వదిలి రావడం మనవైపు ఉన్నదే. చాలామంది తెలివిగా, ఎప్పుడూ తినని కాయ ఏదో చూసి వదులుతారు. ఈయన నిజంగా ఇష్టమైనదాన్నే వదిలారు. కూతురు సేమ్యా పాయసం చేస్తే కిస్మిస్‌లన్నీ ఏరి గిన్నె అంచున వరసగా పెట్టేవారు.

"ఎండిపోయినా వదలరే ద్రాక్షని!" అని అల్లుడు ఎగతాళి చేసేవాడు.

"ఎండినా అది ద్రాక్షే కదండీ అల్లుడుగారూ" అనేవారాయన, అంతే.

నాకు ఆ ఒట్టు మీద నమ్మకం లేదు. ఆయనతోనే అన్నాను కూడా. "మీరు ద్రాక్ష మానితే పోయినవాళ్లకి ఏం ఒరుగుతుంది అంకుల్?" అని. ఆయన కోప్పడలేదు. "వాళ్లకి ఏమీ ఒరగదు. నేను మాటిచ్చాను, అది నాకు" అన్నారు. వాదనలో అది జవాబు కాదు. కానీ ఆయన అబద్ధం మాత్రం ఆడటంలేదని నాకు తెలిసింది.

ఒక శనివారం నా స్నేహితుడు మామూలు స్కాచి పక్కనబెట్టి కొత్త సీసా తెచ్చాడు. మా ఆఫీసుకి వచ్చిన అమెరికన్ కన్సల్టెంటు వెళ్లిపోతూ ఇచ్చిన బోర్బన్. "ఇవాళ అమెరికా విస్కీ రుచి చూడండి మావయ్యగారూ. మొక్కజొన్నతో చేస్తారు" అన్నాడు. ఎప్పుడూ ఎవరి గ్లాసు వాళ్లే పోసుకునే ఇల్లది. ఆ రోజు వాడే పోశాడు. లేబుల్ అరచేతిలో దాగేలా సీసా పట్టుకుని పోశాడు. గ్లాసులో పడ్డదాని రంగులో ఎరుపు జాడ ఉంది. బోర్బన్ నేను చాలాసార్లు చూశాను. ఆ ఎరుపు నాకు నచ్చలేదు. పోసిన వెంటనే వాడు సీసాని లోపలికి తీసుకెళ్లడం అసలే నచ్చలేదు.

పెద్దాయన గ్లాసు ముందు పెట్టుకుని, కూతురు వేడినీళ్లు తెచ్చేదాకా కూర్చున్నారు. నేను ఐసు వంకతో వంటింట్లోకి వెళ్లాను. సీసా ఫ్రిజ్ వెనకాల ఉంది. తిప్పి చూశాను. పైన పెద్ద అక్షరాల్లో బోర్బన్ అని ఉంది. దాని కింద, కళ్లు చికిలించి చదవాల్సినంత చిన్నగా, చివరి దశలో పోర్ట్ వైన్ పీపాల్లో నిలవ పెట్టినదని ఉంది. పోర్ట్ అంటే ద్రాక్షసారా.

వాడు నా వెనకే వచ్చాడు.

"చూశావా? ష్! తాగనీ గురూ" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"తెలిసే పోశావా?"

"తెలిసే. వచ్చే శనివారం చెబుదాం. 'మీ కాశీ ఒట్టు పోయి వారమైంది, మీకేమైనా అయిందా?' అని అడుగుదాం. నువ్వే కదా ప్రయోగం చేసి చూపించాలంటావ్!"

వాడు నా నుంచి మెప్పు ఆశిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. చొక్కా చేతిలో విభూది దాచుకుని గాల్లోంచి తీసినట్టు చూపించే బాబాని నేను ఎందుకు ఎండగట్టాను? విభూది చెడ్డదనా? కాదు, దాచినందుకు. ఎదుటి మనిషికి తెలియకుండా చేసిన పనితో అతన్ని నమ్మించినా మోసమే, నమ్మకం పోగొట్టినా మోసమే. ఒట్టు అర్థంలేనిదని ఆయనకు అనిపిస్తే, ఆయనే తెలిసి తాగాలి. అప్పుడే అది హేతువాదం. ఇది గారడీ.

సీసా పట్టుకుని పెరట్లోకి వచ్చాను. అప్పటికే వేడినీళ్లు వచ్చాయి. ఆయన గ్లాసు ఎత్తారు.

"ఆగండి అంకుల్. అందులో ద్రాక్ష సంగతి ఉంది" అని లేబుల్ పైకి చదివాను, చిన్న అక్షరాలతో సహా.

ఆయన గ్లాసు దించారు. బార్బీ దగ్గర కోడిముక్కలు తిప్పుతున్న మరో మిత్రుడు కూడా ఆగిపోయాడు. కర్నూలు భాయ్, మా టీమే. మద్యం ముట్టడు. పంది జిలెటిన్ ఉందేమోనని ప్రతి చాక్లెట్ కాగితం వెనకాల చదివే మనిషి. జింజర్ బీరులో మత్తు లేదని నమ్మడానికి వాడికి చాలాకాలం పట్టింది.

"ద్రాక్ష ఎక్కడుందయ్యా?" అన్నాడు అల్లుడు, గొంతు పెంచి. "విస్కీ మొక్కజొన్నది. పీపా చెక్కది. చెక్కకి ద్రాక్ష కాస్తుందా?"

"ఏమీ అంటకపోతే ఆ పీపాలో ఎందుకు పోసినారప్పా?" అన్నాడు భాయ్. "ఊరికే బాడుగకి పెట్టినారా?"

"నువ్వు చికెన్ చూసుకో భాయ్, మాడుతోంది."

"మాడనీ. నాకు తెలీకుండా నా ప్లేట్లో ఏదన్నా వేసి, తర్వాత నవ్వుతావా నువ్వు? అట్లయితే ఇంకమీద నీ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగను."

నా స్నేహితుడి భార్య కేటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "మీకు తెలుసా అది?" అని మొగుణ్ణి అడిగింది. వాడు బార్బీ వైపు తిరిగాడు. ఆమె కేటిల్ బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన నావైపు తిరిగారు. "పీపా కడిగి పోస్తారా, కడగకుండానా?"

"తెలీదు అంకుల్. కనుక్కుంటాను."

"కనుక్కో. ఈలోగా దీన్ని ఏం చేయాలి?" అని గ్లాసు అల్లుడి ముందుకు జరిపారు. వాడు ముట్టలేదు. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

నేను అనుమానాన్ని సగంలో వదిలే రకం కాదు. సోమవారం మద్యం దుకాణానికి వెళ్లాను. నా ఊహ ఏమిటంటే, కంపెనీ వైన్ కలిపి, పీపా పేరు చెప్పి దాస్తోందని. దుకాణం ఆయన ఓపిగ్గా చెప్పాడు. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ అనిపించుకోవాలంటే లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ ఉండాలట. రంగు, రుచి ఏదీ కలపకూడదట. దాన్ని తర్వాత వైన్ పీపాలోకి మారిస్తే, ఉత్త బోర్బన్ అని రాసి ఊరుకోవడానికి వీల్లేదట, ఏం చేశారో సీసా మీద చెప్పాలట. పీపాలను మరీ కడిగితే రుచే పోతుందని, చెక్కలో ఇంకిన వైన్ కోసమే ఆ తంటా అంతా అని నవ్వాడు. అక్షరాలు అంత చిన్నగా ఎందుకని అడిగితే, "మీరు చదివారుగా" అన్నాడు. ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ సీసా అబద్ధమాడలేదని ఒప్పుకోక తప్పలేదు.

సాయంత్రం వెళ్లి పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. అల్లుడు టీవీ ముందున్నాడు. సౌండు తగ్గించాడు గాని ఇటు తిరగలేదు.

పెద్దాయన అంతా విని, "అయితే చెక్కలో ద్రాక్ష ఉన్నట్టే. నాకు పనికిరాదు" అన్నారు. తర్వాత మెల్లగానే అన్నారు: "సీసాకైతే చెప్పి తీరాలని చట్టముంది. అల్లుళ్లకి లేనట్టుంది."

టీవీ ముందున్న తల వంగింది.

ఆ వారమంతా వాడు ఆఫీసులో నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు లిఫ్టులో మాత్రం అన్నాడు: "ఇంట్లో ఆయన టీ కూడా తనే పెట్టుకుంటున్నాడు గురూ. నేను కప్పు అందిస్తే వద్దంటున్నాడు." నేను ఓదార్చలేదు. వాడు పోగొట్టింది ద్రాక్ష ఒట్టు కాదు. దాని జోలికి ఆయన రానివ్వలేదు. వాడి చేత్తో ఇచ్చింది తీసుకోవడమే ఆయన మానేశారు. ఆయన తెనాలి తిరుగు ప్రయాణం ఎంతో దూరంలో లేదు.

మళ్లీ శనివారం వచ్చింది. భాయ్ రాడనుకున్నాను, వచ్చాడు, తన జింజర్ బీరు తనే తెచ్చుకుని. నా స్నేహితుడు మూత తీయని స్కాచి సీసా తెచ్చి, లేబుల్ మామగారి వైపు ఉండేలా బల్ల మీద పెట్టాడు. పక్కన ఆయన కళ్లజోడు పెట్టాడు.

"చదవండి మావయ్యగారూ."

ఆయన కళ్లజోడు తీసుకోలేదు. "మీరు చదివారా?"

"చదివానండి. వెనకాలది కూడా."

"ఏం రాశారు?"

"బార్లీ. ఓక్ పీపాలు. వైన్ మాట ఎక్కడా లేదు." కళ్లజోడు మళ్లీ ఆయన వైపు జరిపాడు. "పోయినసారి చెప్పకపోవడం తప్పు. ఒట్టు మీద మాత్రం నా మాట అదేనండి, నాకు నమ్మకం లేదు."

"మిమ్మల్ని నమ్మమన్నానా?" అన్నారు పెద్దాయన. గ్లాసు ముందుకు జరిపారు. "పోయండి."

వాడు మూత తిప్పాడు. పోశాడు. సీసా బల్ల మీద పెట్టగానే నా చెయ్యి దానివైపు వెళ్లింది.

"అన్నయ్యా!" అంది వాడి భార్య. "ఇంక చాలు, వదిలెయ్యండి."

వదల్లేదు. రెండు వైపులా తిప్పి, అడుగున ఉన్నది కూడా చదివాను. వాడు చెప్పింది నిజమే.