నాయనమ్మ చేతిలో బడిగంట

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నమ్మిన మనిషంటూ ఒక్కరూ లేరు. రోజూ వచ్చే పాలవాడి పాలను కూడా గోటి మీద చుక్క వేసుకుని చూశాకే గిన్నె పట్టేది. అలాంటి ఆమెకు నన్ను మియాపూర్‌లో సిస్టర్ల బడిలో వేయడం మొదటి నుంచీ మింగుడుపడలేదు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఇంగ్లీషు వస్తే అక్కడ ఉద్యోగం వస్తుందని మా నాన్న ఆశ.

శుక్రవారం చివరి పీరియడ్ మాకు మత పాఠం. ఏ మతం పిల్లలైనా కూర్చోవాల్సిందే. ఆ సాయంత్రాలు నాయనమ్మ వాకిట్లోనే నా గడ్డం పట్టుకుని, నుదుటి మీద బొట్టు ఉందో లేదో చూశాకే లోపలికి రానిచ్చేది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఎండాకాలంలో ఒక శుక్రవారం చెమటకు నా బొట్టు కరిగిపోయింది. నేను చూసుకోలేదు.

"తుడిచిన్రు! నేను చెప్తే ఇన్నవా కొడుకా? ఇగ పిల్ల బడికి పోదు" అని నాయనమ్మ కేకలు పెట్టింది. చెమట అని నేను ఏడ్చి చెప్పినా వినలేదు. నాన్న తల దించుకున్నాడు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

సోమవారం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చి, పేరు కొట్టేయమని మత పాఠం చెప్పే మా సిస్టర్‌ను నిలదీసింది. సిస్టర్‌ది కోస్తా వైపు. కోపం తెచ్చుకోకుండా బల్ల మీది ఇత్తడి గంట తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది.

"శుక్రవారం మీరే వచ్చి కూర్చోండమ్మా. నచ్చనిది ఏదైనా ఉంటే గంట కొట్టండి, పాఠం ఆపేస్తాను. అప్పటికీ పాపను తీసుకెళ్తానంటే అడ్డు చెప్పనండి."

ఇందులో ఏదో మెలిక ఉందని నాయనమ్మ దారంతా సణిగింది. నాకు మాత్రం శుక్రవారం దాకా గడువు దొరికింది.

ఆ రోజు పాఠం దయ గురించి. నాయనమ్మ తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది. నేను పాఠం వినలేదు, గంట మీదున్న ఆమె చేతినే చూస్తున్నాను. ఎదుటివారి కష్టాన్ని మన కష్టమనుకోవాలని సిస్టర్ అంటుండగా గంట గణగణ మోగింది.

"మంచిగనే చెప్తున్నవ్ సిస్టరమ్మా. మరి గా పిల్లను ఎండల ఎందుకు నిలబెట్టినవ్? జర గిటు వచ్చి చూడు, ఎట్ల తూలుతుందో!"

బయట ఉన్నది మా క్లాసు పిల్లే. భోజనాల తర్వాత ఆలస్యంగా వచ్చిందని సిస్టరే నిలబెట్టి మరచిపోయింది. ఆ పిల్ల మెడలో సిలువ ఉంది. అది నాయనమ్మకూ కనిపిస్తూనే ఉంది.

సిస్టర్ ముఖం ఎర్రబడింది. పరుగున వెళ్లి పిల్లను తీసుకొచ్చి, ఫ్యాను కింద తన కుర్చీలో కూర్చోబెట్టి, అందరి ముందూ "తప్పు నాదే తల్లీ" అంది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, మరి మనవరాలి సంగతేమిటని అడిగింది.

"పిల్ల ఈడనే చదువుతది" అంది నాయనమ్మ. "గంట మాత్రం నా దగ్గర్నే ఉంటది. మల్ల శుక్రవారం వస్త."

నేనిప్పుడు హైటెక్ సిటీలో ఆ అద్దాల మేడల్లో ఒకదానిలోనే పనిచేస్తున్నాను. మా కంపెనీలో అప్పుడప్పుడూ మానవ విలువల మీద ఉపన్యాసాలు పెట్టిస్తారు. అందరూ తెర వైపు చూస్తారు, నేను తలుపు వైపు చూస్తాను. మొన్న చూస్తే, మా అంతస్తు శుభ్రం చేసే నిండు చూలాలు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఉపన్యాసం అయ్యేదాకా లోపలికి రాకూడదట. లేచి నా కుర్చీని ఆమె దగ్గరికి ఈడ్చుకుంటూ వెళ్లాను. అది నేల మీద కీచుమని గీసుకుంటుంటే హాలంతా వెనక్కి తిరిగి చూసింది. కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తుకుని వెళ్లొచ్చు గానీ, నా చేతిలో గంట లేదు కదా.