నీళ్ళ వల్ల కాదు

మా మార్కాపురంలో ఎవరికి కాళ్ళు పట్టేసినా, నడుము వంగినా జనం అనేది ఒకటే: "అంతా మన నీళ్ళమ్మా." అది అబద్ధమేం కాదు. కొనకనమిట్ల దగ్గర పల్లెలో పుట్టిన మా అత్త నడుము ఫ్లోరైడ్ నీళ్ళకే వంగిపోయింది. అందుకే నా కుడికాలు మొద్దుబారి, కుట్టుమిషన్ పెడల్ మీద పాదం ఉందో లేదో తెలియనప్పుడు ఆమె ఇంకోటి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. బ్లౌజులు కుట్టే నేనే డాక్టరమ్మనైపోయినాను మరి!

వంగిన నడుముతోనే అత్త రోజూ నాకోసం మంచినీళ్ళ ప్లాంటు నుంచి చిన్న క్యానులో నీళ్ళు మోసింది. నెల తిరిగేసరికి కాలికి స్పర్శ వచ్చింది. "చూసినావా?" అన్నది. అంతకుముందు ఏడాది నా కన్నొకటి మసకబారి, దానంతటదే బాగయిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఎండాకాలం రెండు కాళ్ళూ పట్టు తప్పి వాకిట్లో పడిపోయినాను. మా ఆయన ఒంగోలు తీసుకుపోయినాడు. స్కానింగ్ చూసి డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. "మెదడులో, వెన్నుపాములో నరాల మీద పొర ఉంటుంది. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి శక్తే పొరపాటున ఆ పొరను దెబ్బతీస్తుంది. నీళ్ళ వల్ల కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు."

మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. "కోటింగ్ పోయిన రాగితీగ మాదిరి గదా సార్?" అన్నాడు.

"అంతే. కాకపోతే నువ్వు కొత్త తీగ చుడతావు, మేం చుట్టలేం."

జబ్బు ఎగదన్నినప్పుడు స్టెరాయిడ్ ఎక్కిస్తే తొందరగా తేరుకుంటారంట. అసలు మందు వేరే. అది జబ్బును పోగొట్టదు, మళ్ళీ మళ్ళీ ఎగదన్నడం తగ్గిస్తుంది. అందులో మాత్రలూ ఉండాయి, సూదులూ ఉండాయి. నాకు వారానికొక సూది రాసినాడు. ఫ్రిజ్‌లో పెట్టుకుని తొడకు నేనే వేసుకోవాల.

స్టెరాయిడ్‌తో లేచి నడిచినాను. సూది వేసుకున్న మర్నాడల్లా జ్వరం, ఒళ్ళునొప్పులు. "బాగానే నడుస్తుండావు గదమ్మా, ఇంకా ఆ సూదులెందుకు?" అన్నది అత్త. ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు మానేసినాను. బాగున్నప్పుడే వేసుకోవాల్సిన మందని డాక్టరు చెప్పినా నా బుర్రకెక్కలేదు.

ఏడాది తిరగకుండానే ఎడమకాలు పడిపోయింది. స్టెరాయిడ్ మళ్ళీ ఎక్కించినారు. ఈసారి కాలికి బలమూ, స్పర్శా పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు సూదులు మళ్ళీ మొదలుపెట్టినాను.

మొదటి సూది నాడు అత్త నా మంచం పక్కన కూర్చుంది. "ఇది వేసుకుంటే ఆ కాలు వస్తుందా?"

"రాదత్తా. ఇది మిగిలిన కాలి కోసం. కళ్ళ కోసం, చేతుల కోసం."

"నేనే గదా మాన్పించింది," అన్నది అత్త.

అవునని ముఖానే అనాలని నెలల తరబడి కడుపులో పెట్టుకొని ఉండాను. నిజానికి మానేసింది నేనే. ఆ మాటే చెప్పినాను. ఆమె నా ఎడమ తొడ మీద చెయ్యేసి నిమిరింది.

"ఈ కాలికే వేసుకోమ్మా. నొప్పి తెలియదు."

వేసుకున్నాను. సూది దిగింది కూడా తెలియలేదు. జబ్బు వచ్చిన కాడి నుంచి ఏడవని దాన్ని, అప్పుడు ఏడ్చినాను.