ఎలీషా నీళ్ళకు మందు వాసన లేని రోజు

ఊరి నీళ్ళ ట్యాంకు ఎలీషా చేతికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. శ్రీముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డున ఉన్న ఊరది. ఏటి ఇసకలో తవ్విన ఊటబావి నుంచి మోటారు నీళ్ళను ట్యాంకులోకి ఎక్కిస్తుంది. రోజూ తెల్లారేసరికి ఎలీషా బకెట్టులో బ్లీచింగ్ పొడి కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీటిని ఇనుప నిచ్చెన మీదుగా మోసుకెళ్ళి ట్యాంకులో పోస్తాడు. అరగంట గడిచాక వాల్వు తిప్పుతాడు. తరవాత సైకిలెక్కి చర్చి వీధిలో ఉన్న ఆఖరి కుళాయి దగ్గరికి పోయి, చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కల పరీక్ష మందు వేసి చూస్తాడు. నీళ్ళు లేత పసుపుకు తిరిగితే బ్లీచింగ్ ఊరి చివరిదాకా చేరినట్టు. తిరగలేదంటే మళ్ళీ ట్యాంకెక్కాల్సిందే. అంతవరకూ చద్దన్నం ముట్టడు.

“పెళ్ళాం ముకం సూడకపోయినా పరవానేదు. ఆ గొట్టం ముకం సూడకపోతే ఈ మనిసికి తెల్లారదు” అనేది అతని భార్య జ్ఞానసుందరి. అంటూనే చద్దన్నం మీద మూత పెట్టి అరుగు మీద కూర్చునేది, ఆయన వచ్చేదాకా తనూ తినకుండా.

అలాంటి ఊళ్ళోకి టిన్నులొచ్చాయి. రోడ్డు మీద ఎవరో షెడ్డు వేసి, ఇరవై లీటర్ల టిన్నుల్లో నీళ్ళు నింపి ట్రాలీ ఆటోలో ఇంటింటికీ దింపడం మొదలెట్టారు. ఏడాది తిరిగేసరికి ఎలీషా నీళ్ళు గేదెలు కడగడానికీ, గుమ్మాలు కడగడానికీ మిగిలాయి. తాగమంటే అందరిదీ ఒకటే మాట: “మందు కంపు.”

ఎలీషాకు ఒళ్ళు మండిపోయేది. కనబడిన ప్రతి గుమ్మం దగ్గరా ఆగేవాడు. “ఆ టిన్ను లోపల సెయ్యెట్టి సూడండి, నాచు జారతాది. దాన్ని ఎవుడు కడిగినాడు? ఎప్పుడు నింపినాడు? నా నీళ్ళు వారానికోసారి సీసాలో పట్టుకెళ్ళి పరీచ్చ సేస్తారు. ఆడి నీళ్ళు ఎవుడు సూసినాడు?” అని గొంతు చించుకునేవాడు. జనం నవ్వి టిన్ను వంచుకుని తాగేవాళ్ళు. పెళ్ళిళ్ళకు అరలీటరు సీసాలు కూడా దిగాయి. రెండు గుక్కలు తాగి పారేసిన సీసాలు కాలవలో పడి, కాలవ నుంచి ఏట్లోకి కొట్టుకొచ్చి ఊటబావి చుట్టూ ఇసకలో కూరుకునేవి. వాటిని ఏరి గోనెసంచికి ఎత్తడం అతనికి రోజూ ఇంకో పనైంది. తన నీళ్ళు వద్దన్నవాళ్ళ చెత్త తనే ఎత్తాలి!

ఊరు మొత్తమ్మీద అతని నీళ్ళు ఇష్టంగా తాగిన మనిషి జ్ఞానసుందరి. ఇంటికెవరొచ్చినా ఇత్తడి చెంబుతో అవే ఇచ్చేది. ఎండుచేపలు అమ్ముకునే కూర్మమ్మ గంప దింపేది ఆ అరుగు మీదే. రెండు చెంబులు తాగి, తలమీద కాస్త చల్లుకుని, గంట కబుర్లు చెప్పి పోయేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జ్ఞానసుందరి బియ్యం చేటలో పోసుకుని కూర్చుని, ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఎలీషా ట్యాంకు దగ్గర నుంచి వచ్చేసరికి బియ్యం అరుగంతా చెదిరి ఉన్నాయి.

పదో రోజున ఆదరణ కూడిక పెట్టుకున్నారు. సంఘమంతా చేరి పాటలు పాడి, పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పుకుని, ఇంటివాళ్ళతో కలిసి భోంచేసే కూడిక అది. జ్ఞానసుందరి తమ్ముడు అబ్రహాం అరసవల్లిలో ఒక లాడ్జిలో పని చేస్తాడు. ఏర్పాట్లన్నీ అతనే నెత్తిన వేసుకున్నాడు. పందిరి, కుర్చీలు, వంటమనిషి అయ్యాక నీళ్ళ దగ్గరికొచ్చింది మాట.

“మూడొందల సీసాలు సెప్పేసినాను బావా.”

“సీసాలెందుకురా? నీళ్ళు నాను పోస్తాను.”

“ఏటి, నీ కుళాయి నీళ్ళా?” అబ్రహాం తల కొట్టుకున్నాడు. “అక్క కూడికకొచ్చినోళ్ళు ముక్కు మూసుకుని తాగాలా? రేపు నా ముకం మీదే అంతారు, పెళ్ళాం కూడికలో కూడా నీళ్ళ కాడ పీనాసితనం సేసినాడని.”

“మీ అక్క ఇరవై ఆరేళ్ళు తాగినాదిరా ఆ నీళ్ళు!”

“అక్క నిన్ను కట్టుకున్నాది కాబట్టి తాగినాది. ఊరంతా నిన్ను కట్టుకోనేదు కదా!”

ఏడుపు ఇంటి మధ్యలో కూడా ఎవరో కిసుక్కుమన్నారు. విజయనగరంలో టీచరు పని చేస్తున్న కూతురు బేబీ మధ్యకొచ్చింది. “రెండూ పెడదాం నాన్నా. సీసాలు ఉంతాయి, పక్కన నీ డ్రమ్మూ ఉంతాది. ఎవలికిష్టమైంది వాళ్ళు తాగుతారు. వాసన రాకపోతే నీ నీళ్ళని ఎవలంతారు సెప్పు?”

ఆ ఆఖరి మాట ఎలీషా మనసులో గుచ్చుకుని ఉండిపోయింది.

కూడిక రోజు పొద్దున్న బ్లీచింగ్ కలిపిన బకెట్టు పట్టుకుని ట్యాంకు పైకెక్కాడు. మూత తీశాడు. లోపల నీళ్ళు నిండుగా, నల్లగా ఉన్నాయి. తన భార్య పేరున పెట్టే భోజనంలో అందరూ తన నీళ్ళు తాగాలి. ఇరవై ఆరేళ్ళలో ఊరిని అడిగింది ఏమీ లేదు, ఈ ఒక్కటీ అడుగుతున్నాడు. ఒక్కరోజు మందు పడకపోతే ఏమవుతుంది? పూర్వం అందరూ ఏట్లో చెలమ తోడుకుని తాగలేదా? బకెట్టును నిండుగా ఉన్నది ఉన్నట్టే కిందికి దింపేశాడు. ఏడు గంటలకు వాల్వు తిప్పాడు. ఊరంతా బిందెలు పెట్టుకుంది.

ఆఖరి కుళాయి చర్చి పందిరి పక్కనే ఉంది. కొత్త డ్రమ్ము కడిగి, తనే పైపు పట్టుకుని నింపాడు. జేబులో గాజుగొట్టం ఉన్నా బయటికి తియ్యలేదు.

పదిన్నరకు జనం రావడం మొదలైంది. సీసాల పెట్టెలు ట్రాలీలో పొద్దుటి నుంచి ఎండలో ఉండి కాలిపోతున్నాయి. కూర తాలింపు చూసి చూసి గొంతెండిన అబ్రహాం ఒక సీసా విప్పి, రెండు గుక్కలు తాగి, “తూ, ప్లాస్టిక్ కాసిన నీళ్ళలాగున్నాయి” అని పారబోశాడు. డ్రమ్ము మూత తీసి గ్లాసు ముంచుకున్నాడు. తాగి, మళ్ళీ ముంచుకున్నాడు.

“బావా! ఇవి నీ నీళ్ళేనేటి? కొబ్బరి నీళ్ళలాగున్నాయి కదా! రోజూ ఇలాగ ఇవ్వడానికి నీకేటి రోగం?”

చుట్టూ ఉన్నవాళ్ళు నలుగురు గ్లాసులు పట్టుకుని వచ్చారు. పిల్లలు తోసుకుంటూ వరసకట్టారు. ఇన్నేళ్ళకు మొదటిసారి ఎవరో తన నీళ్ళను మెచ్చుకున్నారు. ఇరవై ఆరేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని సరైన నీళ్ళిస్తే ఛీ అన్న నోళ్ళు, తప్పు చేసిన ఒక్క రోజు కొబ్బరి నీళ్ళంటున్నాయి!

పందిరి వెనక్కి పోయి గాజుగొట్టం తీశాడు. నీళ్ళు పట్టి రెండు చుక్కలు వేశాడు. రంగు రాలేదు. ఇంకో చుక్క వేశాడు. కళ్ళద్దంలా అలాగే ఉన్నాయి. పై ఊళ్ళలో వారం నుంచి వానలు. ఏరు ఎర్రగా పారుతోంది. ఆ బురదనీరు ఊటబావిలోకి ఎంత దిగిందో తనకూ తెలీదు.

వచ్చి, గ్లాసులు ముంచుతున్న వాళ్ళను పక్కకు నెట్టి, రెండు చేతులతో డ్రమ్మును తోసేశాడు. నీళ్ళు కుర్చీల కిందుగా వేదిక దాకా పారాయి. ఆడవాళ్ళు చీరలు ఎత్తి పట్టుకున్నారు.

“పిచ్చెక్కినాదా బావా?”

“తాగకండి. ఎవ్వుళ్ళూ తాగకండి” అంటూ ఎలీషా సైకిలెక్కాడు. వెనక పాస్టరు గారు అయోమయంగా మొదటి పాట ఎత్తుకున్నారు.

వాల్వు కట్టేసి, పొద్దున్న దింపిన బకెట్టు తీసుకుని నిచ్చెన ఎక్కాడు. మైకులోంచి పాటలు అక్కడిదాకా వినిపిస్తున్నాయి. జ్ఞానసుందరికి ఇష్టమైన పాట వచ్చేసరికి అతను మూత దగ్గర బోర్లా పడుకుని, బ్లీచింగ్ నీళ్ళు వంచుతూ, మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతున్నాడు. పాటంతా అయ్యాక గాని లేవలేదు. కళ్ళు మండుతున్నాయి. మందు వల్లేనని తనకు తనే చెప్పుకున్నాడు.

నిచ్చెన కింద అబ్రహాం అరుస్తున్నాడు. “దిగు బావా! నీ సాక్ష్యం కోసం పాస్టరు గారు రెండు పాటలు ఎక్కువ పాడించినారు. ఇంకో పాటకి గొంతు నేదంతన్నారు. అన్నం సల్లారిపోతన్నాది!”

తెల్లబడిన చేతులతో, తడిసిన చొక్కాతో ఎలీషా మైకు ముందు నిలబడ్డాడు. భార్య గురించి చెప్పాలనుకుని రాత్రి బేబీ చేత కాగితం మీద రాయించుకున్న మాటలున్నాయి. అది జేబులో తడిసి ముద్దయింది.

“ఈరోజు పొద్దున్న నాను నీళ్ళలో మందెయ్యనేదు” అన్నాడు. “వాసన రాకుంతే తాగుతారని మానేసినాను. తప్పు నాది. ఏడుగంటలకి పట్టుకున్న నీళ్ళు పారబొయ్యండి. పారబొయ్యలేనోళ్ళు బాగా మరిగించుకోండి. మూడుగంటలకి మళ్ళీ కుళాయి ఒగ్గుతాను. ఆ నీళ్ళు వాసనొస్తాయి.” జేబులోని కాగితం ముద్దను తడుముకున్నాడు. “మా ఆవిడ వాసన గురించి ఎప్పుడూ ఒక్క మాట అననేదు. అంతే.”

కూర్చున్నాడు. పందిట్లో గుసగుసలు లేచాయి. “సూసినారా, అందుకే మేం టిన్ను కొంటన్నాం” అని ఒకరు పైకే అన్నారు. నిజమేనన్నట్టు చాలా తలలు ఊగాయి. ఇన్నేళ్ళ తన వాదనంతా తన నోటితోనే ముంచేసుకున్నానని ఎలీషాకు అర్థమైంది. అబ్రహాం తల పట్టుకున్నాడు. బేబీ వచ్చి తండ్రి పక్కన కూర్చుని, తెల్లగా పొడిబారిన ఆయన వేళ్ళను తన చీరకొంగుతో తుడవసాగింది.

విస్తళ్ళు వేశారు. ప్రతి విస్తరి ముందూ ఒక వేడి సీసా. వరస చివర కూర్మమ్మ కూర్చుంది. మూత తిప్పింది, రాలేదు. పళ్ళతో పట్టింది, ఉన్న రెండు పళ్ళకూ చిక్కలేదు. కోపంగా సీసాను నేలకేసి కొట్టింది.

“ఒరే ఎలీసా! ఇలా రా. ఆ తప్పు గొడవ తరవాత ఏడుద్దువు గాని, ముందు ఈ దిక్కుమాలిన మూత తియ్యి. గొంతెండి సస్తన్నాను. మీ ఆవిడుంటే ఈపాటికి రెండు సెంబులు పోసును.”

ఎలీషా లేచి వెళ్ళి మూత విప్పి ఇచ్చాడు. కూర్మమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. “మూడుగంటలకి కదా ఒగ్గుతానన్నావు? అయితే అన్నం తిని మీ అరుగు మీదే కూకుంతాను” అంది.

పక్కనున్న ముసలామె తన సీసా కూడా ఎలీషా ముందుకు చాచింది. ఆ పక్కామె కూడా. వంగిన చోట నుంచి లేవడానికి వీల్లేకుండా, ఎలీషా ఒక్కొక్క సీసా మూతా తిప్పుతూ వరస పొడుగునా జరుగుతూ పోయాడు.