తువ్వాలు కింద షేక్‌హ్యాండు

మామిడికాయల మండీలో ఎవరైనా చేతిమీద తువ్వాలు కప్పుకుని ఆ చెయ్యి మీ ముందుకు చాపారనుకోండి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి. వీలైతే జేబుల్లో దాచుకోండి. ఇంకా వీలైతే ఊరు దాటి పారిపోండి. నేను పారిపోలేదు. ఒక్క షేక్‌హ్యాండుతో మా ఇంటి వేసవి మొత్తాన్ని లారీ ఎక్కించి ఉత్తరాదికి పంపించేశాను. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మా పిల్లల ముందు మాత్రం ఈ సంగతి ఎత్తకండి.

అప్పుడు నేను ఎం.కాం. చదువుతున్నాను. లాభనష్టాల గురించి నాకు తెలియనిది ఇంకా పుట్టలేదని నా నమ్మకం. స్కాలర్‌షిప్పేమో వస్తోంది, వస్తోందంటూ ఏడాదిగా దారిలోనే ఉంది. హాస్టల్ మెస్ బకాయి కడితేనే హాల్‌టికెట్ అన్నారు. హాల్‌టికెట్ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. ముసునూరులో మాకు చిన్న మామిడి తోట ఉంది. "కాయ అమ్మగానే కట్టేద్దాంలేరా, నువ్వు పుస్తకం వదలకు," అన్నాడు నాన్న. ఆయనకి ఆ శ్రమ లేకుండా నేనే సంపాదించి కట్టేసి, ఆయన నోరు తెరుచుకుని చూస్తుంటే చూడాలని నా సరదా.

సంపాదనకి సలహాదారు నా రూమ్మేటు దానియేలు. ట్యూషన్ చెప్పమన్నాడు. చెప్పాను. ఆ పిల్లాడికి నేను నేర్పిన లెక్కల కంటే వాళ్లమ్మ నాచేత మోయించిన గ్యాస్ బండలే ఎక్కువ. పెళ్లిళ్లలో వడ్డనకి రమ్మన్నాడు. వెళ్లాను. పెళ్లికొడుకు మేనమామ పట్టుపంచె మీద సాంబారు వడ్డించాను.

"నీకు చేతుల్తో చేసే పని అచ్చిరాదురా," అన్నాడు దానియేలు. "నూజివీడు మండీలో హిందీ వచ్చినవాడు కావాలంట. నోటితో పని. వెళ్లు."

వెళ్లాను. మండీ యజమాని వెంకటరత్నం గారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"హిందీ వచ్చా?"

"బాగా వచ్చండి."

నాకొచ్చిన హిందీ మొత్తం అచ్ఛా, ఠీక్ హై, బహుత్ అచ్ఛా. మూడోది మొదటిదానికి అన్నయ్య.

"తువ్వాలు బేరం తెలుసా?"

"తోటల్లో పుట్టినోణ్ణండి. వేరే అడగాలా?"

ఇది పూర్తి అబద్ధం కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులమీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారని, పక్కవాళ్లకి ఆ ధర తెలియకూడదనే ఆ ముసుగని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అంతా దూరంనుంచి చూసి తెలుసుకున్నదే. పైకి చూస్తే తువ్వాలు కింద రెండు పిల్లులు దెబ్బలాడుకుంటున్నట్టు ఉండేది. లోపల ఏ వేలికి ఏ ధరో, ఏ నొక్కుడుకి ఏ అర్థమో ఆ పిల్లులకే తెలియాలి.

"సరే. కాయ కొనడానికి ఉత్తరాది సేట్లు వస్తే కూర్చోబెట్టు, టీ ఇప్పించు, మర్యాదగా ఉండు. ధర సంగతి నాకొదిలెయ్. జీతం సీజను ఆఖర్న ఒకేసారి ఇస్తా," అన్నారు రత్నం గారు.

ఇంట్లో మాత్రం హాస్టల్లో చదువుకుంటున్నానని చెప్పాను. నాన్న కాయ ఎప్పుడూ వేరే మండీకే వేస్తాడు గనక నాకు భయం లేదు. సీజనంతా సేట్లకి టీలు ఇచ్చాను, అచ్ఛాలు ఇచ్చాను. రత్నం గారికి నేను నచ్చాను కూడా. ఇక సీజను ఆఖరి రోజున, సాయంత్రం జీతం చేతికొస్తుందనగా, మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికెళ్లారు. నేను టీ తేవడానికి వెళ్లి తిరిగొచ్చేసరికి, వరిగడ్డి మీద కొత్త బంగినపల్లి రాశి ఒకటి నిగనిగలాడుతోంది.

"ఎవరిదిది?" అన్నాను కూలీలతో.

"ఎవరో రైతంట. దింపించి భోజనానికి పోయాడు."

అప్పుడొచ్చాడు సేటు. రాశి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు, ఒక కాయ వాసన చూశాడు, నా ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాలో ఉన్న నన్ను చూసి యజమాని కొడుకు అనుకున్నట్టున్నాడు. తువ్వాలు కప్పుకుని చెయ్యి చాపాడు.

ఇక్కడ కాస్త నా పరిస్థితి ఆలోచించండి. ధర సంగతి నాది కాదని చెప్పాలి. దానికి సరిపడా హిందీ లేదు. చెయ్యి ఇవ్వకపోతే మర్యాద పోతుంది. రత్నం గారు వచ్చేదాకా ఊరికే చెయ్యి పట్టుకుని ఉంటే పోలా అనుకుని, తువ్వాలు కిందకి చెయ్యి దూర్చాను.

ఆయన నా రెండు వేళ్లు పట్టుకున్నాడు. నాకు చక్కిలిగింతలు పుట్టాయి. నవ్వు ఆపుకుని, "అచ్ఛా," అన్నాను. ఆయన ఇంకో వేలు నొక్కాడు. "బహుత్ అచ్ఛా," అన్నాను. మౌనంగా ఉంటే బాగుండదని, ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరు గారు మా అందరి చేతులూ ఎలా ఊపుతారో, అలా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఆప్యాయంగా ఊపేశాను.

సేటు ముఖం ట్యూబ్‌లైటులా వెలిగింది. తువ్వాలు లాగేసి, "పక్కా," అన్నాడు. నేను, "ఠీక్ హై," అన్నాను. మరుక్షణం కూలీలు రాశిని లారీకి ఎత్తుతున్నారు. నేను టీ గ్లాసులు కడుక్కుంటున్నాను.

రత్నం గారు వచ్చి, సేటు నోట ధర విని, గడ్డి మీద చతికిలబడ్డారు.

"ఆ ధరకి గడ్డి కూడా రాదు కదయ్యా."

"నేను ధర చెప్పలేదండి. మర్యాద చేశాను."

"తువ్వాలు కింద చెయ్యి ఊపితే ఒప్పుకున్నట్టే. ఇక మాట వెనక్కి తీసుకోలేం. ఆ రైతొస్తే ఏం చెప్పను?"

అంతలో గుమ్మం దగ్గర నుంచి, "నా కాయేదండీ?" అని గొంతు వినిపించింది. ఆ గొంతు నాకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా నన్ను నిద్ర లేపుతున్న గొంతది.

మా నాన్న. రోజూ వేసే మండీ నిండిపోయి ఇక్కడికి తెచ్చాడట. నా కాళ్లు నా అనుమతి లేకుండానే పరిగెత్తి, నన్ను మూల వేలాడుతున్న టార్పాలిన్ పట్టా వెనక నిలబెట్టాయి.

"మా కొత్త గుమాస్తా తెలియక అమ్మేశాడండి," అన్నారు రత్నం గారు. "నష్టంలో సగం నేను భరిస్తాను."

"మీరెందుకు భరించాలండీ? మా అబ్బాయి మెస్ బకాయి డబ్బండి అది. ఆ గుమాస్తాకి జీతం ఉందా?"

"ఇవాళే ఇవ్వాలి."

"మొత్తం కోసెయ్యండి. ఇలాంటోణ్ణి కన్న తండ్రి ఎవడో గానీ, వాడి బతుకు తలుచుకుంటే జాలేస్తోంది."

సీజనంతా పోసిన టీలు, పలికిన అచ్ఛాలు నోట్లుగా మారి మా నాన్న జేబులోకి వెళ్లడం పట్టా చిరుగులోంచి చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు నాన్న హాస్టల్‌కి వచ్చాడు. అంతకు ముందు రాత్రే వచ్చి పడుకున్న నేను, పుస్తకం తెరిచి ఏడాదిగా కదలనివాడిలా కూర్చున్నాను. డబ్బు నా చేతిలో పెట్టాడు.

"ఇదిగోరా మెస్ బకాయి డబ్బు. మండీలో ఒక వెర్రి గుమాస్తా జీతం కోయించి తెచ్చా. బాగా చదువుకో, లేకపోతే వాడిలా తయారవుతావ్."

"పాపం, ఎవరు నాన్నా?" అన్నాను, గొంతులో వీలైనంత అమాయకత్వం కలిపి.

"ముఖం చూళ్లేదు. పట్టా వెనక దాక్కున్నాడు." గుమ్మం దాకా వెళ్లి, నా మంచం కింద ఉన్న చెప్పుల వైపు చూశాడు. "క్రిస్మస్‌కి నీకు కొన్నవే వాడూ వేసుకున్నాడు. కనపడితే చెప్పు, ఈసారి దాక్కునేటప్పుడు కాళ్లు కూడా దాచుకోమని."

నాన్న నోరు తెరుచుకుని చూస్తుంటే చూడాలనుకున్నాను గదా. తెరుచుకున్నది నాది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా మూతపడలేదు.

ఆ క్షణమే బైబిలూ, కాస్ట్ అకౌంటెన్సీ పుస్తకమూ ఒకదానిమీద ఒకటి పెట్టి, వాటిమీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ ఒంట్లో ఊపిరున్నంతకాలం తువ్వాలు కప్పిన చేతిని ముట్టను. ఆ మాట మీదే ఉన్నాను. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర ఓ పెద్దమనిషి చేతులు తుడుచుకుంటూ, తువ్వాలుతో సహా చెయ్యి నా వైపు చాపాడు. నేను నాలుగడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. ఎంత సంస్కారం ఉన్న మనిషో అని అందరూ మెచ్చుకున్నారు. మా నాన్న ఒక్కడే, పక్క కుర్చీలో కూర్చుని, నా కాళ్లకేసి చూశాడు.