సుందరమ్మక్క చేతి కానుగనూనె

నిన్న సాయంత్రం మా కోడలు వాకిట్లో కూర్చుని కుక్కకు కానుగనూనె రాస్తుంటే ఆ చేదు వాసన వంటింటిదాకా వచ్చింది. కుక్క చెవి వెనక పిడుదు దొరికినట్టుంది, రెండు గోళ్ళ మధ్య పెట్టి నలపబోయింది. "గోటితో నలపాకు!" అని నేను అరిచిన అరుపుకు కుక్కతో పాటు కోడలూ ఉలిక్కిపడింది. ఆ అరుపు నేను సుందరమ్మక్క దగ్గర నేర్చుకున్నది.

సుందరమ్మక్క గార్లదిన్నె దగ్గర మా ఊరి కూలీల గుంపుకు మేస్త్రీ. యాభైల చివరి సంగతి; నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. శెనక్కాయ పీకుడు అయిపోయాక మా నేలలో ఎండ తప్ప ఏమీ పండదు. అప్పుడు ఇరవైమందిమి ఆమె వెంట పడమటికి, మైసూరు వైపు మలెనాడు అడవులకు, వలస కూలికి, మా మాటలో సుగ్గికి, పోయేవాళ్ళం. వక్కతోటల్లో చెట్ల మొదళ్ళకు పరచడానికి అడవిలో ఎండుటాకు ఊడ్చి తేవడం మా పని. పొద్దున్నే ఆమె సీసా పట్టుకుని నిలబడి, పురుగూ పుట్రా అంటకుండా ఒక్కొక్కరి అరచేతిలో కానుగనూనె పోసేది. కాళ్ళకు రాసుకునేదాకా కదలనిచ్చేది కాదు. మా నాయన మాత్రం చేయి చాపేవాడు కాదు. ఆమె కిరస్తానీ, అందులోనూ ఊరవతలి పేట మనిషి. ఆమె కింద కూలి చేయడానికి అడ్డురాని కులం నూనె దగ్గర అడ్డొచ్చేది. నాయన మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచలేను.

మొదటి ఏడు అడవిలో మాకో కోతి శవం కనిపించింది. మా వైపు కోతి చస్తే ఆంజనేయస్వామే పోయినట్టు. పాడె కట్టి, పసుపు కుంకుమలు పెట్టి సాగనంపుతాం. నాయన వెదురు పాడె కట్టాడు. మిగతా మగవాళ్ళు తోటలో ఉండి, మోయడానికి నాలుగో మనిషి తక్కువైతే సుందరమ్మక్క తమ్ముడు యేసుదాసు "నేను పడతా అన్నా" అని ముందుకొచ్చాడు. ఆ పూట కులం ఎవరికీ గుర్తు రాలేదు. కప్పడానికి గుడ్డ లేదంటే సుందరమ్మక్క తన పండగ చీర, కొత్త తెల్లచీర, తెచ్చి ఇచ్చింది.

వారం తిరక్కుండా నాయనకూ యేసుదాసుకూ జ్వరం పట్టుకుంది. తల పగిలే నొప్పి, కళ్ళు చింతనిప్పులు. నాయన ఎట్లాగో లేచి తిరిగాడు. యేసుదాసుకు చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. పన్నెండో రోజున పోయాడు. "కోతిని తప్పెట లేకుండా పూడ్చినాము. స్వామికి కోపమొచ్చినాది," అని తేల్చాడు నాయన.

మరుసటి ఏడు అడవిలో ఖాకీ బట్టల మనుషులు కనిపించారు. కర్రకు తెల్లగుడ్డ కట్టి ఆకుల మీద ఈడ్చుకుంటూ పోతున్నారు. మేమంతా నవ్వాం. సుందరమ్మక్క నవ్వలేదు, వెంటపడి అడిగింది. ఆ జ్వరం సంగతి తేల్చడానికొచ్చిన సర్కారు మనుషులట, గుడ్డకు పట్టుకునే పిడుదుల్ని పోగేస్తున్నారట. ఎలుకల మీదా కోతుల మీదా నెత్తురు తాగే పిడుదుల్లో కంటికి కనపడని వైరసు ఉంటుందట. అదే కోతినీ మనిషినీ చంపుతుందట. శవం చల్లబడగానే పిడుదులు దిగి, ఆకుల్లో మరో ఒంటి కోసం కాచుకుంటాయట. మేతకొచ్చే ఆవుల మీద అవి ఇంకా పెరుగుతాయట. ఆ సాయంత్రం ఆమె ముద్ద ముట్టలేదు.

"చీర ఇచ్చింది నేనే కదా లచ్చిమీ," అంది నాతో.

నాలుగు రోజులకే మరో కోతి చచ్చి పడింది. నాయన ఈసారి తప్పెట కూడా వెంట తెచ్చుకున్నాడు. పాడె కట్టి బయల్దేరితే సుందరమ్మక్క దారికడ్డంగా నిలబడింది.

"ఎవరూ ఆడికి పోకూడదు."

"నీ దేవుడు వేరే. మా స్వామి సంగతి నీకేం తెలుసు? తప్పుకో," అన్నాడు నాయన.

గుంపంతా నాయన వైపే ఉంది. అడ్డుపడితే మేస్త్రీ పని పోతుంది, పడకపోతే మనుషులు పోతారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వక్కతోటల నడుమ నాకు తెలిసొచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర తెచ్చి, చింపి, పొడుగాటి కర్రకు కట్టింది. కాళ్ళకు నూనె పట్టించి ఒక్కతే పోయి, కోతి చుట్టూ ఆ గుడ్డను ఈడ్చి, తెచ్చి నాయన ముందు బండ మీద పరిచింది.

"చూడన్నా."

తెల్లగుడ్డ మీద గసగసాలు చల్లినట్టు ఉంది. చూస్తుండగానే ఆ గసగసాలు నడవసాగాయి.

"పోయినేడు ఈటి నడమనే నా తమ్ముడు ఒంగి నిలబడినాడు. నా చీరే కప్పినా. మీ స్వామికి ఈడ్నుంచే మొక్కన్నా. నీ పక్కన నేనూ నిలబడతా."

నాయన గుడ్డ మీదికి వంగి చూశాడు. తర్వాత పాడె దింపి, ఉన్నచోటే టెంకాయ కొట్టాడు. సుందరమ్మక్క తల మీద కొంగు కప్పుకుని పక్కనే నిలబడింది. గుడ్డను మంటలో వేశాం. ఖాకీ మనుషులొచ్చి కోతిని తీసుకుపోయారు. ఆ ఏడు మా గుంపులో ఆ జ్వరం ఎవరికీ రాలేదు.

తర్వాత నేను ఆరోగ్య కార్యకర్తనై ఉరవకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. ఎవరితోనైనా "వద్దు" అనాల్సి వస్తే ముందు చూపించేదాన్ని, తర్వాత పక్కన నిలబడేదాన్ని. నాకొచ్చిన విద్య అంతే. సుందరమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది.

నిన్న కోడలి దగ్గర సీసా తీసుకుని అరచేతిలో కాస్త నూనె పోసుకున్నాను. కోతిని తీసుకుపోయిన మర్నాటి పొద్దున కళ్ళ ముందుకొచ్చింది. వరుసలో చివర నాయన ఉన్నాడు. ఆయన వంతు రాగానే సుందరమ్మక్క అలవాటుగా సీసాకు మూత పెట్టబోయింది.

"నాకూ పొయ్యమ్మా," అని నాయన చేయి చాపాడు.

ఆమె మూత వెనక్కి తీసి, ఆయన అరచేయి నిండి నేల మీదికి పొర్లేదాకా పోసింది.